నేల మీద మాటు వేసి కృష్ణజింకల ఫొటోలు తీయడం కుదురుతుందా?

బరంపురం_బాబు
చాలా రోజులుగా ఒడిశాలో గంజాం జిల్లా భేట్నోయి, బాలిపదర్ వైపు కృష్ణజింకల కోసం తిరుగుతున్నాను. రోడ్డు మీద బైక్ మీదున్నంతసేపు అవి పట్టించుకోవు, ఇంజన్ ఆపి కాలు కింద పెట్టానో లేదో తలలు లేస్తాయి, నాలుగడుగులు వేసేసరికి మంద మొత్తం అవతలి మడిలో ఉంటుంది. నా దగ్గర 150-600 లెన్స్ ఉంది. అంత దూరం నుంచి తీస్తే ఫొటోలో జింక ఉంటుంది గానీ జీవం ఉండదు, పైగా ఎండెక్కాక నేల నుంచి లేచే సెగకి అంతా నీళ్లలో తీసినట్టు మసకగా వస్తోంది. యూట్యూబ్‌లో అమెరికా వేటగాళ్ల వీడియోలు చూశా. చెట్టెక్కరు, గుడారం వేయరు, పడిపోయిన చెట్టు చాటున నాలుగు కొమ్మలు అడ్డం పెట్టుకుని నేల మీదే కూర్చుంటారు, జింక దగ్గరికి వచ్చేస్తుంది. అదే పద్ధతి కెమెరాకి మన దగ్గర పనిచేస్తుందా? చేసి చూసినవాళ్లు చెప్పండి. గుడారం కొనమని మాత్రం సలహా ఇవ్వొద్దు, లెన్స్ ఈఎంఐలే ఇంకా అవలేదు.

జీడితోట_రాజు
సగం చదివి ఎవడో వేటకి స్కెచ్ వేస్తున్నాడనుకున్నా. రిపోర్ట్ కొట్టబోయి ఈఎంఐ మాట చూసి ఆగాను.

బరంపురం_బాబు
వేట కాదు బాబోయ్. నా చేతిలో పేలేది కెమెరా ఒక్కటే, అది కూడా సైలెంట్ మోడ్‌లో.

మోడరేటర్
ఫొటోల గురించి అయితే కానివ్వండి. ఇక్కడి జంతువుల్ని ఎలా పట్టాలి, మాంసం ఎక్కడ దొరుకుతుంది లాంటివి ఎవరు రాసినా పోస్టు తీసేస్తాం.

గునుపూర్_మూర్తి
మాది గునుపూర్, ఇప్పుడుంటున్నది విస్కాన్సిన్‌లో. ఇక్కడ లైసెన్స్ తీసుకుని బాణంతో వైట్‌టెయిల్ జింకని వేటాడతాను, అదీ నేల మీద మాటు నుంచే. నచ్చనివాళ్లు విడిగా తిట్టండి, అడిగింది పద్ధతి కాబట్టి అదే చెబుతా.

మాటు అనగానే అందరూ ముందు అడ్డం పెట్టుకోవడం గురించే ఆలోచిస్తారు. మొదట చూసుకోవాల్సింది వీపు వెనక. నీ వెనక ఖాళీ ఆకాశం ఉంటే ఎన్ని ఆకులు కట్టుకున్నా తల, భుజాలు నల్లగా తెలిసిపోతాయి. వెనక దట్టమైన పొదో, నీ భుజాల కన్నా వెడల్పు ఉన్న మానో, కూకటివేళ్లతో పడిపోయిన చెట్టో ఉండాలి, దాని నీడలో నువ్వు కూర్చోవాలి. అప్పుడు ముందు ఛాతీ ఎత్తు దాకా పలచగా కొమ్మలున్నా సరిపోతుంది. మరీ దట్టంగా కట్టావంటే నీకే ఏమీ కనబడదు, తల పక్కకి వంచి చూస్తావు, ఆ వంచడమే కొంప ముంచుతుంది.

తర్వాత గాలి. జింక వైపు నుంచి నీ వైపు రావాలి, లేదా అడ్డంగా పోవాలి. చిన్న చప్పుడు అయితే అది కాసేపు చూసి మళ్లీ మేతలో పడొచ్చు, మనిషి వాసన తగిలితే మాత్రం మాట్లాడే పనే లేదు. గుట్టలున్నచోట పొద్దున ఎండ తగిలేకొద్దీ గాలి వాలు మీద పైకి పాకుతుంది, సాయంత్రం చల్లబడ్డాక కిందికి దిగుతుంది. అందుకని పొద్దున కూర్చున్న చోటే సాయంత్రం కూడా కూర్చుంటే చాలాసార్లు పని చెడుతుంది. ఇక్కడ మిల్క్‌వీడ్ అనే మొక్క కాయలో దూది ఉంటుంది, ఒక పోగు వదిలి ఎటు కొట్టుకుపోతుందో చూస్తాం.

కూర్చునే ముందు కింద ఎండుటాకులు మట్టి కనబడేదాకా పక్కకి తోసేయాలి. మోకాలు మార్చినప్పుడు చప్పుడు రాదు. విల్లు లాగాల్సి వస్తే జింక తల చెట్టు వెనక్కి వెళ్లినప్పుడే లాగుతాం. నీ కెమెరా ఎత్తడానికీ అదే లెక్క, అది గడ్డి కోసం తల దించినప్పుడే నీ చెయ్యి కదలాలి.

ఇంకోటి, ఇక్కడ ప్రభుత్వ భూముల్లో మాటు కోసం పచ్చి కొమ్మ కోయనివ్వరు. నేల మీద పడిన ఎండు పుల్లలతోనే కట్టుకోవాలి.

కంచిలి_కిరణ్
అబ్బో, ఇది సినిమా స్క్రిప్టులా ఉంది. మిల్క్‌వీడ్ లేదు గానీ మనకి జిల్లేడు ఉందిగా, ఎండాకాలం కాయ పగిలితే దూదే దూది. రెండూ ఒకే కుటుంబం మొక్కలు.

గునుపూర్_మూర్తి
అదే. జిల్లేడు దూది ఒక డబ్బాలో వేసి జేబులో పెట్టుకో. పౌడరు చల్లి చూసే వాళ్లున్నారు గానీ అది రెండడుగుల దూరం దాకానే కనబడుతుంది, దూది పోగు చాలా దూరం ఎటెటు తిరిగిందో చూపిస్తుంది.

పర్లాకిమిడి_పంతులు
మూర్తిగారు చెప్పింది వైట్‌టెయిల్‌కి. కృష్ణజింక అసలు దుప్పి జాతే కాదు. దుప్పి కొమ్ములు కొమ్మలు కొమ్మలుగా చీలతాయి, ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. కృష్ణజింక కొమ్ములు మెలి తిరిగి ఉంటాయి, రాలవు. సరే పేరులో ఏముంది అంటారా, బతికే తీరే వేరు. వైట్‌టెయిల్, మన చుక్కల దుప్పి, కణితి ఇవన్నీ చెట్ల చాటున బతికేవి, ముక్కునీ చెవినీ నమ్ముకుంటాయి. కృష్ణజింక బయలు ప్రదేశంలో ఉండేది, కళ్లని నమ్ముకుంటుంది. ప్రమాదం అనిపిస్తే పొదలోకి దూరదు, పరుగందుకుంటుంది, గంటకి 80 కిలోమీటర్ల దాకా పోగలదు. భేట్నోయి పొలాల్లో కూలిన చెట్టు చాటు ఎక్కడ దొరుకుతుంది? వరి మడులు, గట్లు, అక్కడక్కడా తాటిచెట్టు. పడుకుంటే గట్టు, లేస్తే నువ్వు, మధ్యలో ఏమీ లేదు.

గునుపూర్_మూర్తి
పంతులుగారితో సగం ఒప్పుకుంటా. చూపు మీద బతికేదైతే మరీ ముఖ్యంగా వెనక ఏముందన్నదే చూసుకోవాలి. గట్టు వెనక పడుకుంటే నీ తల గట్టు మీద గుండ్రంగా లేస్తుంది, దాని వెనక ఆకాశం. అదే గట్టుకి ఇవతల, జింక వైపున, గట్టుకి వీపు ఆనించి కూర్చుంటే గట్టే నీ వెనక తెర. చాలామంది ఉల్టా చేస్తారు.

బరంపురం_బాబు
గట్టు ముందు కూర్చోవడమా? ఇది నాకు తట్టనే లేదు. దాక్కోవాలంటే గట్టు వెనకే అనుకుంటాం కదా.

జీడితోట_రాజు
చిన్నప్పుడు దాగుడుమూతలు ఆడిన అలవాటు అది.

ఛత్రపూర్_చిన్ని
మొగలి పొదలు వాడొచ్చుగా? గంజాం అంతా పొలం గట్ల మీద మొగలి పొదలే, మనిషి నిలబడినా కనబడడు. పొద్దున్నే పువ్వు కోసేవాళ్లు తిరుగుతూనే ఉంటారు కాబట్టి జంతువులకి మనుషులు అలవాటే.

లెన్స్_లక్ష్మి
చిన్నీ, మొగలి అంతా సముద్రం వైపు, మీ ఛత్రపూర్, గోపాల్‌పూర్, చికిటి ఆ పట్టీలో. బాబు వెళ్లేది అస్కా అవతల లోపలికి. పైగా మొగలాకు అంచుకి రంపంలా ముళ్లుంటాయి, ఒకసారి దూరి చూడు, ఫొటోలు మాని చేతులకి పసుపు రాసుకుంటావు. పాముల సంగతి నేను చెప్పక్కర్లేదు.

ఛత్రపూర్_చిన్ని
అక్కా మా వీధిలో పువ్వు కోసేవాళ్లంతా బతికే ఉన్నారు 😀 కర్రతో కొట్టి చూసి కోస్తారు. సరే, దూరం సంగతి ఒప్పుకుంటున్నా.

లెన్స్_లక్ష్మి
ఇంతమంది గాలి, గట్టు, దూది అంటున్నారు గానీ అసలు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. భేట్నోయి చుట్టుపక్కల కృష్ణజింకలు వేలల్లో ఉండటానికి కారణం ఆ ఊళ్లవాళ్లే. అది అభయారణ్యం కాదు, సొంత పొలాలు. కృష్ణజింక తిరిగితే వానలు పడతాయని, ఊరికి మంచిదని వాళ్ల నమ్మకం, పెసర చేనూ వరీ మేసినా తరమరు. అలాంటి చోట చీకటి ఉండగానే ఎవడో కొత్తవాడు పొలంలో పొదల చాటున నేలబారుగా పడుకుని ఉంటే ఏమనుకుంటారు? మా మేనత్త కొడుకు సరిగ్గా ఇదే చేశాడు. గోనెసంచి కప్పుకుని, దాని మీద గడ్డి వేసుకుని గట్టు పక్కన పడుకున్నాడు. చెంబు పట్టుకుని వచ్చిన ముసలాయన చూసి కేక పెడితే పది నిమిషాల్లో ఊరు ఊరంతా కర్రలతో చుట్టూ చేరింది. వీడికి ఒడియా బాగానే వచ్చు కాబట్టి బతికిపోయాడు, కెమెరాలో పాత ఫొటోలన్నీ తిప్పి చూపించాక నమ్మారు. తర్వాత టీ కూడా పోశారనుకోండి, అది వేరే విషయం.

కాబట్టి బాబూ, మాటు ఎక్కడ వేయాలి అని జింకని అడిగే ముందు పొలం ఎవరిదో వాళ్లని అడుగు. ముందు రోజు సాయంత్రం వెళ్లి ఊళ్లో కూర్చుని, ఫలానా మడిలో పొద్దున ఫొటోలు తీసుకుంటా అని చెప్పు. మంద రాత్రి ఎక్కడ పడుకుంటుంది, పొద్దున ఏ దారిలో ఏ చేలోకి దిగుతుంది, అన్నీ వాళ్లే చెబుతారు. ఎన్ని వీడియోలు చూసినా దొరకని సమాచారం అది.

పర్లాకిమిడి_పంతులు
అక్షరాలా నిజం. పొదలో దాక్కున్నవాడి చేతిలో ఏముందో దూరం నుంచి ఎవరికి తెలుస్తుంది. పాండురాజు చాటు నుంచి బాణం వేసే శాపం తెచ్చుకున్నాడు.

కంచిలి_కిరణ్
రాముడు చాటు లేకుండా వెంటపడ్డాడు, ఆయనకీ కలిసిరాలేదు. మొత్తానికి జింక జోలికి పోవడమే అరిష్టం.

సిరొంచ_శీను
గంజాం ముచ్చట మీరు చూసుకోండి గానీ మా గడ్చిరోలి, చంద్రపూర్ దిక్కు ఎవ్వరూ ఈ పని చేయొద్దు. నేల మీద కూర్చున్న మనిషి పులికి మనిషి లెక్క కనబడడు, నాలుగు కాళ్ల జంతువు ఎత్తుల ఉంటడు. ఇప్పపువ్వు ఏరేటోళ్లు, తునికాకు కోసేటోళ్లు వంగి పని చేస్తుంటేనే దాడులు జరుగుతున్నాయి. పేపర్ల ప్రతి ఎండాకాలం చూస్తనే ఉన్నాం. ఇగ దుప్పి వచ్చే జాగల చప్పుడు చేయకుండ గాలికి ఎదురుగ కూర్చుంటవా? దుప్పి కోసం పులి కూడ అట్లనే కూర్చుంటది. నీ వెనక ఏం కూర్చుందో నీకు తెల్వదు.

జీడితోట_రాజు
శీను అన్నా, ఇది చదివాక మంచం కింద కూడా చూసుకుని పడుకోవాలనిపిస్తోంది.

సిరొంచ_శీను
నవ్వులాట కాదు తమ్మీ. ఇంకొకటి, ఆన్‌లైన్ల మిలటరీ డిజైన్ డ్రెస్సులు దొరుకుతయి కదా, వేటగాళ్ల బట్టలని. అవి వేసుకుని మా దిక్కు గానీ మల్కన్‌గిరి దిక్కు గానీ అడవి అంచుల పొదల పండుకుంటే ఫోర్స్ వాళ్లు నిన్ను ఏమనుకుంటరో ఒక్కసారి ఆలోచించు. ఫొటోగ్రాఫర్ అని చెప్పేంత టైమ్ ఉండకపోవచ్చు.

బరంపురం_బాబు
ఆ డ్రెస్ ఒకటి కార్ట్‌లో పెట్టి ఉంచాను. ఇప్పుడే తీసేశా. మరి ఏ రంగు వేసుకోవాలి?

గునుపూర్_మూర్తి
డ్రెస్‌కి డబ్బు తగలేయొద్దు. ఇక్కడ తుపాకీ సీజన్‌లో నడుము పైభాగం సగమైనా మెరిసే నారింజ రంగో గులాబీ రంగో ఉండాలని రూలు, ఒకరినొకరు కాల్చుకోకుండా. రాష్ట్ర భూముల్లో మాటు వేస్తే దాని మీద కూడా నారింజ గుడ్డ కట్టాలి, ఎటు నుంచి చూసినా కనబడేలా. అయినా జింకలు వస్తాయి, ఎందుకంటే జింకకి ఎరుపు, నారింజ మనకి కనబడినట్టు కనబడవు, మట్టి రంగులో కలిసిపోతాయి. నీలం మాత్రం మనకన్నా బాగా కనబడుతుంది. కాబట్టి నీలం జీన్స్, మెరిసే తెల్ల చొక్కా వద్దు. పాత ఖాకీ రంగో, బూడిద రంగో నూలు చొక్కా చాలు. ముఖం, అరచేతులు మెరుస్తాయి, తలకి ఒక తువ్వాలు చుట్టుకో.

లెన్స్_లక్ష్మి
మనకి తువ్వాలు చుట్టుకుంటే ఎండకీ పనికొస్తుంది, పొలం పనివాడిలానూ ఉంటాం.

రాయగడ_రమణ
మా తాత కోరాపుట్ వైపు అడవి కాంట్రాక్టు దగ్గర గుమాస్తా. వేటని నిషేధించిన 1972 చట్టం రాకముందు సంగతులు చెప్పేవాడు. అప్పట్లో దొరల వేట అంటే మంచె, డప్పులతో తోలడం, ఆర్భాటం. ఊరివాళ్లు మాత్రం ఒక్కడే వెళ్లి చెట్టు మొదట్లో కూర్చునేవాడట, చిటికెడు దుమ్ము వదిలి గాలి చూసుకుని. మూర్తిగారు చెప్పినదానికీ దానికీ పెద్ద తేడా లేదు. బీడీ మాత్రం ముందు రోజు నుంచే మానేసేవాడట.

చైత్రం పండక్కి గూడేల్లో మగవాళ్లంతా వేటకి పోవడం నా చిన్నప్పుడు చూశాను. ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఆటపట్టించేవాళ్లు. అదొక సంబరం, అందులో జంతువు దొరకడం కన్నా ఊరంతా కలిసి పోవడమే ఎక్కువ. ఇప్పుడు అడవిని తినేస్తున్నది ఆ వేట కాదు. క్లచ్ వైర్లతో కట్టే ఉచ్చులు, పొలం కంచెకి వదిలే కరెంటు. పందికని పెడతారు, దుప్పి పోతుంది, ఆవు పోతుంది, పొద్దున్నే బయటికెళ్లిన మనిషి కూడా పోతాడు. మాటు వేసేవాడు కనీసం ఎదురుగా ఉన్నది ఏమిటో చూస్తాడు. తీగకి కళ్లుండవు.

బరంపురం_బాబు
అంటే నేల మీద పాకేటప్పుడు కరెంటు తీగ భయం కూడా ఉందన్నమాట. ఇది ఎవరూ అనుకోరు.

రాయగడ_రమణ
ఉంది. చీకట్లో తెలియని చేలోకి అసలు దిగొద్దు. లక్ష్మిగారు చెప్పినట్టు పొలం ఆసామిని అడగడానికి ఇది ఇంకో కారణం.

దుప్పి_ప్రియుడు
ఇంత కష్టం ఎందుకు, మా దగ్గర సంతలో మనిషి తెలిస్తే చాలు కూరే ఇంటికొస్తుంది 😜

లెన్స్_లక్ష్మి
చాలా గొప్పగా చెప్పావు. ఆ పేరు పెట్టుకుని ఆ మాట.

మోడరేటర్
దుప్పి_ప్రియుడు పోస్టు తీసేయకుండా ఉంచాం, సమాధానం అందరూ చూడాలని. తర్వాతిది చదవండి. ఇంకోసారి రాస్తే సభ్యత్వం ఉండదు.

రిటైర్డ్_వాచర్
అటవీశాఖలో చేసి దిగిపోయినవాణ్ణి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972, తొమ్మిదో సెక్షన్ ప్రకారం వేట నిషేధం. కృష్ణజింక షెడ్యూల్ 1లో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది. 2022 సవరణ తర్వాత షెడ్యూల్ 1 జంతువు విషయంలో శిక్ష మూడేళ్లకి తగ్గకుండా ఏడేళ్ల దాకా, జరిమానా 25 వేలకి తగ్గకుండా. వేట అంటే చంపడం ఒక్కటే అనుకోవద్దు. ఉచ్చు పెట్టడం, తరమడం, ఎర వేయడం, వీటికి ప్రయత్నించడం కూడా చట్టంలో వేటే. మాంసం కొన్నవాడు నాకేం తెలుసు అంటే కుదరదు.

ఫొటోల సంగతి. అభయారణ్యంలోకి ఫొటోల కోసం వెళ్లాలంటే అనుమతి తీసుకోవాలి, 28వ సెక్షన్‌లో ఫొటోగ్రఫీ అని ప్రత్యేకంగా ఉంది. లఖారీ లోయలో గానీ, ప్రాణహిత అభయారణ్యంలో గానీ సొంతంగా పొదలు నరికి మాటు కడితే అనుమతి ఉన్నా కేసే. బయట పట్టా పొలాల్లో అయితే ఆసామి ఒప్పుకోవాలి, జంతువుని బెదరగొట్టకూడదు. బీటు గార్డుకి ఒక ఫోన్ చేసి చెబితే నీకే మంచిది. ఎవరైనా ఫిర్యాదు చేస్తే నీ తరఫున చెప్పేవాడు ఒకడుంటాడు.

కంచిలి_కిరణ్
మాటు దగ్గర కాస్త ఉప్పు చల్లితే వస్తాయని విన్నాను, అది ఎర కిందికి వస్తుందా గురువుగారూ?

రిటైర్డ్_వాచర్
వస్తుంది. చేయొద్దు. శాఖవాళ్లు ఉప్పు మడులు పెడతారు, అది వేరే లెక్క. నువ్వు రోడ్డు పక్క పొలంలో ఉప్పు చల్లి అలవాటు చేస్తే నీ వెనక ఇంకొకడు అదే చోటికి తుపాకీతో వస్తాడు. కుక్కలు కూడా వస్తాయి. గంజాంలో కృష్ణజింకలకి ఊరకుక్కలూ రోడ్డు మీద బండ్లూ పెద్ద గండం.

ఇంకో మాట. నేల మీద రాలిన దుప్పి కొమ్ము దొరికిందని ఇంటికి తెచ్చి గోడకి తగిలించేవాళ్లున్నారు. అడవిలో దొరికినా అది నీది కాదు, ప్రభుత్వానిది.

కంచిలి_కిరణ్
మా మామయ్య ఇంట్లో హాల్లో ఉంది. ఈ పోస్టు ఆయనకి పంపేశా. ఇప్పుడు ఫోన్ ఎత్తట్లేదు.

సోంపేట_సుజాత
మా ఉద్దానం వైపు ఎవరైనా ఇది ప్రయత్నించేటట్టయితే జీడితోటల్లో మాత్రం కూర్చోకండి. జీడిమామిడి కొమ్మలు నేల దాకా వాలి ఉంటాయి, చూడటానికి దేవుడిచ్చిన మాటులా ఉంటుంది, ఎలుగుబంటికీ అలాగే అనిపిస్తుంది. పండ్ల కాలంలో మా తోటలోకి వెళ్లేటప్పుడు మా నాన్న డబ్బా వాయించుకుంటూ వెళ్తాడు. మీరు చెప్పే పద్ధతికి ఉల్టా.

జీడితోట_రాజు
సుజాతక్క చెప్పింది నిజం. నా పేరులో జీడితోట ఉంది కానీ నేను తెల్లారాక తప్ప వెళ్లను. పులి, ఎలుగు, కరెంటు, ఊరివాళ్లు, పోలీసులు. ఏనుగు ఒక్కటే మిగిలింది.

పర్లాకిమిడి_పంతులు
అది మా వైపు ఉంది. లఖారీ నుంచి దిగి మా చేలమీదుగానే ఆంధ్రాలోకి పోతాయి. లిస్టు పూర్తయింది.

గునుపూర్_గీత
ఒక మామూలు సందేహం. అంతసేపు కదలకుండా కూర్చుంటే ఒంటికి వస్తే ఎలా? మగవాళ్లు ఇది ఎప్పుడూ రాయరు.

లెన్స్_లక్ష్మి
గీతా, మంచి ప్రశ్న. నేను పొద్దున టీ మానేస్తాను, అక్కడికెళ్లాక గుక్కెడు గుక్కెడే తాగుతాను. తోడు ఒకరు తప్పనిసరి, నాకు మా ఆయన, ఆయన దూరంగా బండి దగ్గర నిద్రపోతుంటారు. మూడు గంటలు దాటి కూర్చోను, ఎండాకాలంలో రెండే. నీళ్లు తాగకుండా ఎండలో పడిపోవడం కన్నా ఫొటో పోవడం నయం. కింద వేసుకోవడానికి పాత యోగా మ్యాట్ ముక్క, మోచేతుల కింద బియ్యం పోసిన చిన్న గుడ్డ సంచి, లెన్స్ దాని మీదే ఆనుతుంది. ట్రైపాడ్ మాటుకి పనికిరాదు, దాని కాలు సర్దేలోపు మంద ఫుల్బాణీ చేరుతుంది.

బరంపురం_బాబు
అక్కా మీరు అక్కడ మాటు దేంతో కట్టారు? అదే నాకు కావాల్సింది.

లెన్స్_లక్ష్మి
కట్టలేదు. వెతుక్కున్నాను. వరి కోతలయ్యాక కళ్లంలో గడ్డిమేట్లు ఉంటాయి. అవి వాటికి రోజూ కనబడేవే, కొత్తగా వచ్చింది కాదు, అందుకే అనుమానం రాదు. మేటుకి వీపు ఆనించి, ఒళ్లో నాలుగు పనలు వేసుకుని కూర్చున్నా, సూర్యుడు నా వెనక. మూర్తిగారి భాషలో వెనక తెర, నీడ రెండూ వచ్చాయి. మేత మేస్తూ అవే వచ్చాయి, నేను ఒక్క అడుగు వేయలేదు. వాటి వెంట పోవడం మానేసి అవి వచ్చే దారిలో ముందే ఉండటం, అంతే తేడా. ఆడవే ముందు తల ఎత్తి చూస్తాయి, నల్ల పోతు మీద మోజుతో దాని మీదే కన్ను పెట్టుకోవద్దు, పక్కనున్న ఆడది నిన్ను చూసేస్తే అయిపోయినట్టే.

పర్లాకిమిడి_పంతులు
దీనికి ఒకటి జోడిస్తా. పోతు తన హద్దులో ఒకే చోట పెంటికలు వేస్తుంది, కుప్పలా ఉంటుంది. తాజాగా ఉందంటే మళ్లీ అక్కడికి వస్తుంది. గాలి చూసుకుని, ఎండ వెనక పెట్టుకుని దానికి తగినంత దూరంలో కూర్చుంటే వెతుక్కోవాల్సిన పని ఉండదు. కుప్ప పక్కనే కూర్చోవద్దు, 600 లెన్స్ ఉన్నవాడికి 40 గజాల దూరం నుంచి తీసినా చాలు.

రిటైర్డ్_వాచర్
పిల్లల సంగతి మర్చిపోకండి. కృష్ణజింక పిల్లని ఈనిన కొత్తలో తల్లి గడ్డిలో పడుకోబెట్టి దూరంగా మేస్తుంది. పిల్ల కదలకుండా అలాగే ఉంటుంది. మీకు గడ్డిలో పిల్ల కనబడితే వదిలేసి పోయిందనుకుని ఎత్తుకోవద్దు, అక్కడే మాటు వేసి తల్లిని రాకుండా చేయొద్దు. వచ్చిన దారినే వెనక్కి రండి.

సిరొంచ_శీను
మా దిక్కు దుప్పుల్ని నేల మీద మాటు లేకుండ చూడాలంటే బుద్ధ పూర్ణిమకు రండి. మహారాష్ట్ర అటవీశాఖ ఆ రాత్రి నీటి గుంటల దగ్గర మంచెల మీద జనాన్ని కూర్చోబెడ్తది, ముందే పేరు రాయించుకోవాలె. వెన్నెల్ల దుప్పి, కణితి, ఎలుగు అన్నీ నీళ్లకు వస్తయి. ఫొటోకు వెలుగు చాలదు గానీ చూసుడే చాలు అనిపిస్తది.

గునుపూర్_మూర్తి
శీను గారూ, ఇక్కడ ఉల్టా. చెట్టు మీద కట్టుకునే స్టాండ్ల నుంచి పడి నడుములు విరగ్గొట్టుకునేవాళ్లు ఎక్కువ, అందుకే వయసు మళ్లినవాళ్లు నేల మీదికి దిగుతారు. నేనూ అందుకే దిగాను. కానీ ఇక్కడి అడవిలో నన్ను తినేది లేదు, దోమ తప్ప. పైగా ఇక్కడ జింకలు మితిమీరి పెరిగి తోటలు తినేస్తున్నాయని రాష్ట్రమే లెక్క కట్టి పర్మిట్లు ఇస్తుంది, కొట్టిన జింకని మర్నాడు సాయంత్రం అయిదు లోపు నమోదు చేయాలి. ఆ లెక్కలూ కాపలా లేని చోట ఇదే పద్ధతి దొంగతనం అవుతుంది. మా ఊళ్లో మా తమ్ముడు ఇలా చేస్తానంటే నేనే ఒప్పుకోను.

కంచిలి_కిరణ్
మరి నువ్వెందుకు చేస్తున్నావన్నా అని అడగాలనుంది.

గునుపూర్_మూర్తి
ఏడాదికి ఒక జింక, ఫ్రీజర్ నిండుతుంది, కొట్టులో మాంసం కొనను. కొట్టులో ప్యాకెట్‌లో ఉన్నదీ ఒకప్పుడు నడిచిందే కదా. దీని మీద వాదన వద్దు, వేరే టాపిక్ పెట్టు, వస్తాను.

జీడితోట_రాజు
పెడితే ఈ టాపిక్ కన్నా పెద్దదవుతుంది. నేను పాప్‌కార్న్‌తో రెడీ.

బరంపురం_బాబు
అప్‌డేట్. నిన్న సాయంత్రం వెళ్లి ఊళ్లో ఒక పెద్దాయనతో మాట్లాడాను. ముందు అనుమానంగా చూశాడు, లక్ష్మక్క చెప్పినట్టు పాత ఫొటోలు చూపిస్తే అందులో తన పొలాన్ని గుర్తుపట్టి మెత్తబడ్డాడు. తన కళ్లంలోనే కూర్చోమన్నాడు, మనవణ్ణి కూడా తోడు పంపాడు, వాడు పదేళ్లవాడు, నాకన్నా బాగా కదలకుండా కూర్చున్నాడు. జిల్లేడు దూది వదిలితే గాలి మా వైపే వస్తోంది. తెల్లారాక మంద పెసర చేలోంచి నేరుగా మా వైపు మేసుకుంటూ రావడం మొదలుపెట్టింది. ఫ్రేములో పోతు మొత్తం పట్టేంత దగ్గర. కొన్ని తీశాను. ఇంతలో ఊరి కుక్కలు రెండు వెనక నుంచి వచ్చి మాతో ఆడుకుందామనుకున్నాయి, మంద చెదిరిపోయింది. ఆ కాసిన్ని మాత్రం ఇన్నాళ్లూ రోడ్డు మీంచి తీసిన వాటన్నిటి కన్నా బాగున్నాయి. రాత్రికి ఇక్కడ పెడతా.

లెన్స్_లక్ష్మి
పిల్లాడి ఫొటో తీసి పెద్దాయనకి ప్రింట్ ఇవ్వు. వచ్చే ఏడాది కూడా ఆ కళ్లం నీదే.

పర్లాకిమిడి_పంతులు
ఫొటో పెట్టేటప్పుడు పొలం ఎక్కడో లొకేషన్ మాత్రం పెట్టొద్దు.

బరంపురం_బాబు
పెట్టను పంతులుగారూ. ఫోన్‌లో జీపీఎస్ కూడా ఆపేశా. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నా, ఇంకొకరికి చోటు ఉంది, కెమెరా లేకపోయినా పర్వాలేదు. బరంపురం నుంచి నాలుగింటికి బయల్దేరాలి.

కంచిలి_కిరణ్
నేను వస్తా. ముందు రోజు రాత్రి మీ ఇంట్లోనే పడుకుంటా, నాలుగింటికి నన్ను ఎవరు లేపుతారు.

గునుపూర్_గీత
అదే మీ బండి మీద ఇంకో చోటుంటే నేనూ వచ్చేదాన్ని. లక్ష్మక్కా మీరెప్పుడు వెళ్తున్నారు?

లెన్స్_లక్ష్మి
మెసేజ్ చేస్తా గీతా. మా ఆయన్ని బండి దగ్గర నిద్రపోవడానికి ఒప్పించాలి ముందు.